జపాను పర్యటన చొక్కా గారికి

మహారాజశ్రీ ‘ఆల్ అమెరికన్స్’ ఊలు చొక్కా గారికి, క్రీడాకారుల పాత బట్టలు పోగుచేసే వ్యసనపరుడొకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. చిమ్మెటల బెడద లేకుండా గాజుపెట్టెలో చల్లగా ఉన్నారని తలుస్తాను.

1934 నవంబరులో బేబ్ రూత్, లూ గెరిగ్, జిమ్మీ ఫాక్స్ వంటి అమెరికా బేస్‌బాల్ మహామహుల వీపులెక్కి జపానంతా తిరిగారు. యోమియురి పత్రిక ఆదరంగా పిలిస్తే వెళ్లి, జపాను జట్టుకు ఒక్క ఆటైనా దక్కనివ్వకుండా ఓడించి వచ్చారు. దానికి సుహృద్భావ యాత్ర అని పేరు.

మా ఇళ్లలో మైలబట్టను దండెం మీద విడిగా ఆరేస్తారు. మీ లోకంలో మైలే మడి. చేతితొడుగులు లేనిదే మిమ్మల్ని తాకరాదు. ఉతికారో, మహాపాతకం. మెడపట్టీ మీది చెమట జాడకు ఒక విలువ, చంకల్లోని పసుపుదనానికి మరో విలువ. కోకురాలో జోరువానలో ఆడినప్పుడు రూత్ గొడుగు పట్టుకుని మైదానంలో నిలబడ్డాడని చెబుతారు. ఆనాటి బురద చుక్క ఒక్కటి మిగిలి ఉంటే మా బృందంలో సాష్టాంగపడనివాడు ఉండడు. శుభ్రంగా కనిపించే చొక్కానైతే దొంగను చూసినట్టు చూస్తాం. ఛాతీ మీది అక్షరాల వంపును, కుట్టు వరసను భూతద్దంతో పాత ఫొటోలతో పోల్చి, పొంతన కుదిరితేనే సర్టిఫికెట్.

అయితే, ఆ యాత్రలో అన్నిటికన్నా వింత పని మీరు లేకుండానే జరిగింది. మీ జట్టు ఆటగాడే, తర్వాత అమెరికా గూఢచారి అయిన మో బెర్గ్ ఆటకు ఎగనామం పెట్టి, కిమోనో కట్టుకుని, పూలగుత్తితో టోక్యోలోని సెయింట్ ల్యూక్స్ ఆసుపత్రి మేడెక్కి, నగరాన్ని సినిమా కెమెరాతో చిత్రించాడు. ఆ కిమోనోను అడిగేవారు నాకింతవరకు తగల్లేదు.

నవంబరు 20న షిజుఓకాలో జపాను జట్టులో బంతి విసిరే 17 ఏళ్ల సవామురా ఏయ్‌జి మీవాళ్లయిన గెరింజర్‌ను, రూత్‌ను, గెరిగ్‌ను, ఫాక్స్‌ను వరసగా అవుట్ చేశాడు. చివరికి గెరిగ్ కొట్టిన హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటి దెబ్బ) మీవాళ్లే 1-0 తేడాతో గెలిచారనుకోండి. ఆనాడు మీకు పట్టిన చెమటే చెమట! మిగతాది ఉక్కపోత. అది ఏ మరకో వేరుచేసి చూపగల నిపుణుడు దొరికితే ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధం.

1941లో జపాను అమెరికా మీద చేసిన పెర్ల్ హార్బర్ దాడి తర్వాత రూత్ తన జపాను జ్ఞాపికలను కోపంతో కిటికీలోంచి విసిరేశాడని అంటారు. ఆ వేళ కింద వీధిలో నడుస్తున్నవారి పుణ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇక అసలు విన్నపం. రూత్ 1932 నాటి చొక్కా ఒకటి 2024 వేలంలో 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. కనుక మిమ్మల్ని నిండుగా కొనే ఆశ లేదు. కానీ రూత్‌దే 1925 నాటి చొక్కాను ఆటగాళ్ల బొమ్మల కార్డులు అమ్మే ఒక కంపెనీ కొని, ముక్కలుగా కత్తిరించి, కార్డుల్లో పెట్టి అమ్మింది. ఘోరమని అప్పట్లో గుండెలు బాదుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మీకూ ఆ గతే పడితే, మెడపట్టీ వైపు ముక్క నాకు దక్కేలా చూడగలరు.

ఇట్లు,
మీ మరకల భక్తుడు