మడమ దగ్గరి గీత అతుకు కాదు

మాది చిన్న హోజరీ కొట్టు. సాక్సులు, బనియన్లు, డ్రాయర్లు, చలికాలంలో నాలుగు స్వెట్టర్లు. ఈ మధ్య కొనేవాళ్లలో ఒక కొత్త అలవాటు చూస్తున్నాను. జత చేతికివ్వగానే లోపలివైపు తిరగేస్తారు, కళ్లజోడు సర్దుకుని మరీ చూస్తారు, "ఇది సెకండ్స్ సరుకు, లోపమున్నది కదండీ" అని కౌంటర్ మీద పెట్టేస్తారు. ఎందుకో మొన్న తెలిసింది. మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఫోన్ తీసి, "ఇదిగో, నువ్వే చదువు నాయనా" అని ఇచ్చారు.

"సాక్సులు కొనేవారికి హెచ్చరిక" అని మొదలవుతుంది ఆ మెసేజి. సాక్సు లోపల దారాలు తేలి కనిపిస్తే అది పాడైన బట్టతో కుట్టిందట. మడమ దగ్గర ఏటవాలు గీత గానీ వేరే రంగు గానీ ఉంటే అతుకు వేసిందట. వేళ్ల దగ్గర కుట్టు ఉంటే రెండు ముక్కలు కలిపిందట, పూర్వపు అసలు సాక్సుకు కుట్టే ఉండేది కాదట. నైలాన్ కలిస్తే కల్తీ, అగ్గిపుల్లతో కాల్చి చూసుకోమని సలహా. ఉతికాక బనియన్ పక్క కుట్టు పొట్ట మీదికి తిరిగితే అందులో పాలిస్టర్ ఉన్నట్టేనట. చివర మామూలే, పదిమందికి పంపండి.

రాసింది ఎవరో గానీ, సాక్సును చొక్కాలాగా బట్ట కత్తిరించి కుడతారనుకున్నారు. తంటా అంతా అక్కడే.

చీర సంగతి మనకు తెలిసిందే. మగ్గం మీద పడుగు పోసి, పేక అడ్డంగా ఆడిస్తే బట్ట అవుతుంది. దారాలు తిన్నగా పోతాయి కాబట్టి లాగినా పెద్దగా సాగదు. సాక్సుకు పడుగూ లేదు, పేకా లేదు. దారం ఉంగరాలు ఉంగరాలుగా వంగి, ఒక ఉంగరంలోంచి ఇంకో ఉంగరం దూరుకుంటూ పోతుంది. లాగినప్పుడు దారం సాగదు, ఉంగరం ఆకారం మారుతుంది, వదిలితే మళ్లీ సర్దుకుంటుంది. బనియన్ గుడ్డ కూడా ఇలాంటిదే. మనకు బుట్ట అల్లినా, జడ అల్లినా, స్వెట్టర్ అల్లినా ఒకటే మాట కావడంతో ఈ తేడాలు మరుగున పడతాయి. నర్సాపురం వైపు ఆడవాళ్లు లేసు అల్లేది కొక్కెం ఉన్న ఒకే సూదితో. అక్కడ ఒక ఉంగరం ముగించాకే ఇంకోదాని పని. స్వెట్టర్ అల్లేటప్పుడు వరుసలోని ఉంగరాలన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి. సూది జారిందంటే ఇక అంతే, చేసిన పనంతా ఊడడం మొదలవుతుంది. సాక్సు మిషన్ చేసేది ఈ రెండో రకం పని.

ఆ మిషన్‌లో ముఖ్యమైనది సుమారు 4 అంగుళాల వ్యాసం ఉన్న ఒక గుండ్రటి సిలిండర్. దాని చుట్టూ నిలువుగా సూదులుంటాయి. మామూలు మందం సాక్సుకు 144, సన్నటి ఆఫీసు సాక్సుకు 168 గానీ 200 గానీ. సిలిండర్ తిరుగుతుంటే సాక్సు గొట్టంలా కిందికి దిగుతుంది. పైన కాలిని పట్టి ఉంచే అంచుతో మొదలై వేళ్ల దగ్గర ముగుస్తుంది. ఆ అంచును వెల్ట్ అంటారు.

మాస్టారు నమ్మలేదు. ఎలుక కొట్టిన పాత ప్లెయిన్ జత ఒకటి ఉంటే తీసి, చీలమండ పైన అడ్డంగా కత్తెర వేశాను. పై ముక్కకు కత్తెర పడిన అంచు నుంచి దారం కొస పట్టుకుని లాగితే వరుస తర్వాత వరుస గిర్రున ఊడి వచ్చేసింది. కింది ముక్కను లాగితే మొండికేసింది, చిక్కుపడింది. పైనుంచి కిందికి అల్లుకొచ్చారు కాబట్టి, చివర అల్లిన వైపు నుంచే అది తేలిగ్గా విడుతుంది. కుట్టిన బట్టయితే ఇలా ఊడదు. ఈ ముక్క తర్వాత మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు మడమ సంగతి. నాకు సాక్సులో అన్నింటికంటే ఇష్టమైన చోటు అదే, మెసేజి అతుకు అన్నదీ దాన్నే. గొట్టానికి మోకాలి వంపులాంటిది తేవాలంటే దర్జీ ముక్క కత్తిరించి కలుపుతాడు. మిషన్‌కు ఆ అవసరం లేదు. మడమ దగ్గరికి రాగానే సగం సూదులు పని ఆపేస్తాయి, వాటి మీది ఉంగరాలు అలాగే కాచుకుని ఉంటాయి. మిగతా సగం మీద సిలిండర్ గుండ్రంగా తిరగడం మానేసి, గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ చివర ఒక సూది తప్పుకుంటుంది, వరుస పొట్టిదవుతుంది. కొన్ని సూదులే మిగిలాక లెక్క తిరగబడుతుంది, తప్పుకున్న సూదులు ఒక్కొక్కటే మళ్లీ పనిలోకి వస్తాయి. అలా చిన్న సంచీలాంటి జేబు తయారవుతుంది, మన మడమ అందులో కూర్చుంటుంది. సూదులు తప్పుకుని తిరిగి వచ్చిన చోట ఏటవాలుగా ఒక గీత పడుతుంది, దగ్గరగా చూస్తే దాని పొడుగునా చిన్న చిన్న కన్నాలు. మెసేజి చూసి భయపడమన్నది ఈ గీతనే. నిజానికి మడమను విడిగా తీర్చి అల్లారనడానికి అదే గుర్తు. ఆ గీత లేకుండా తిన్నటి గొట్టంలా వచ్చే సాక్సులూ ఉన్నాయి. అవి చవక, కాకపోతే మడమ మీద ముడతలు పడి బూటులోకి జారుతుంటాయి.

రంగు మారడం ఇంకా తేలిక. మడమ మొదలవగానే మిషన్ ఒక దారం వదిలి ఇంకో రంగు దారం అందుకుంటుంది. అంతకు మించి ఏమీ లేదు.

లోపల తేలే దారాలు రెండు రకాలు. ఆటల సాక్సు తిరగేస్తే తువ్వాలులా చిన్న చిన్న పోగులు కనిపిస్తాయి కదా, అది టెర్రీ. పాదానికి మెత్తగా ఉండటానికి కావాలని వదిలిన ఉంగరాలవి, దానికి డబ్బులు కూడా ఎక్కువే తీసుకుంటారు. రెండోది డిజైన్ ఉన్న సాక్సుల్లో కనిపిస్తుంది. నీలం మీద ఎర్ర పువ్వు ఉంటే, పువ్వు లేనిచోట ఎర్ర దారం వెనకాల ఊరికే దాటిపోవాలి లేదా తెంపేయాలి. పిల్లల సాక్సుల్లో ఆ దాటే దారాలు పొడుగ్గా ఉంటే కాలి వేళ్లు తగులుకుంటాయి, అలాంటివి వద్దనండి, ఒప్పుకుంటాను. పాడైన బట్ట అని మాత్రం అనకండి.

వేళ్ల దగ్గర కుట్టుకు వద్దాం. గొట్టం ముగిసే చోట నోరు తెరుచుకునే ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు మూయాలి. ఓవర్‌లాక్ లాంటి కుట్టుతో మూస్తే లోపల లావుగా కట్ట కట్టినట్టుంటుంది. ఈ అంచు ఉంగరానికి ఆ అంచు ఉంగరాన్ని జతచేస్తూ మూస్తే లింకింగ్ అంటారు, అది దాదాపు చదునుగా ఉంటుంది. కొన్ని కొత్త మిషన్లు ఆ పని తామే చేసేస్తాయి. పూర్వం కుట్టే ఉండేది కాదన్న మాటకు మాత్రం నవ్వొచ్చింది. ఐదు సూదులతో చేత్తో అల్లిన వాటికైతే అది చెల్లుతుంది. మిషన్ సరుకు కథ వేరు. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ అనే ఆయన మేజోళ్లు అల్లే మొదటి యంత్రం చేశాడు, నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్ ఊళ్లో. అది గొట్టం అల్లదు, చదునైన ముక్క అల్లుతుంది. కాబట్టి మేజోడు వెనకాల పొడుగునా కుట్టు వేయాల్సి వచ్చేది. ఆ లెక్కన పూర్వపు మిషన్ మేజోటికి మన సాక్సు కంటే కుట్టే ఎక్కువ.

నైలాన్ కల్తీ అన్న ముక్క మా వ్యాపారానికి బాగా తగిలింది, అందుకని కొంచెం గట్టిగానే చెబుతాను. పాత జత నుంచి ఊడదీసిన దారాన్ని మాస్టారి చేతిలో పెట్టాను. ఒకటనుకున్నది రెండుగా విడింది. ఒకటి మెత్తటి నూలు, ఇంకోటి మెరిసే సన్నటి నైలాన్. రెండూ పక్కపక్కనే ప్రతి ఉంగరంలోనూ ఉన్నాయి. దీన్ని ప్లేటింగ్ అంటారు. దారాలు అందించే కోణాన్ని బట్టి ఒకటి ఎప్పుడూ బయటికి, ఇంకోటి ఎప్పుడూ లోపలికి వస్తుంది. నూలు మెత్తన, చెమట పీలుస్తుంది, కానీ రాపిడికి త్వరగా అరిగిపోతుంది, సాగితే వెనక్కి రాదు. నైలాన్ రాపిడి తట్టుకుంటుంది. కాలిని పట్టి ఉండటానికి రబ్బరులా సాగే స్పాండెక్స్ దారం కొంచెం వేస్తారు. నా కౌంటర్‌లో ఉన్న ఒక జత లేబుల్ మీద కాటన్ 80, నైలాన్ 17, స్పాండెక్స్ 3 శాతం అని రాసే ఉంది, దాచిందేమీ లేదు. ఇక దాన్ని కాలిస్తే చివర గట్టి పూస కడుతుంది, కట్టకపోతేనే ఆశ్చర్యం. లేబుల్ మీద 100 శాతం కాటన్ అని రాసి పూస కడితే అప్పుడు అడగండి, అప్పుడు కూడా ముందు వెల్ట్‌లోని ఎలాస్టిక్‌ను వదిలేసి చూడండి. కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుంటే ఊడిరాదు, పిల్లలున్న ఇంట్లో ఆ అగ్గిపుల్ల పరీక్ష వద్దు. అసలు నైలాన్‌కు పేరొచ్చిందే మేజోళ్లతో. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్లు అమ్మకానికి పెట్టిన రోజు ఆడవాళ్లు కొట్ల ముందు బారులు తీరారు. అప్పుడెవరూ దాన్ని కల్తీ అనలేదు.

బనియన్ తిరగడం పాలిస్టర్ వల్ల అన్నది పూర్తిగా తలకిందులు. నూలు దారానికి ఒకే దిక్కున పురి పెడతారు. ఆ పురి విప్పుకోవాలని చూస్తూనే ఉంటుంది. మగ్గం బట్టలో దారాన్ని పడుగూ పేకా బిగించి పట్టుకుంటాయి కాబట్టి దాని ఆట సాగదు. అల్లిక వదులు, అందులో ఉంగరం ఒక పక్కకు ఒరుగుతుంది, నీళ్లలో పడగానే ఇంకా ఒరుగుతుంది, దాంతో పక్క కుట్టు పొట్ట మీదికి వస్తుంది. పాలిస్టర్ దారాన్ని వేడితో స్థిరపరుస్తారు, దానికి ఈ గొడవ తక్కువ. తిరగకూడదంటే రెండు పోగులు ఎదురు పురితో కలిపిన దారం వాడాలి, లేదా రెండు వైపులా ఒకేలా ఉండే ఇంటర్‌లాక్ అల్లికకు పోవాలి. రెండూ ఖర్చే. తిరిగిన బనియన్ నాసిరకం అనండి, అభ్యంతరం లేదు. నిందను మాత్రం పాలిస్టర్ మీదికి తోయకండి.

మెసేజిలో పనికొచ్చే ముక్క ఒక్కటే, లోపలివైపు తిరగేసి చూడమన్నది. చూసేటప్పుడు వేళ్ల దగ్గర కుట్టు మీద వేలు నడపండి. గట్టిగా గుచ్చుకుంటే షుగరున్నవాళ్లకు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఆ జత కొనొద్దు, పుండు పడినా వాళ్లకు తెలియదు. అలాగే వెల్ట్ పిక్క మీద లోతుగా గాడి వేసేంత బిగువైనది వద్దు. మాస్టారికి షుగరుంది. ఆయనకు లింకింగ్ చేసిన వదులు వెల్ట్ జత ఇచ్చాను. ఇంట్లో ఉన్న పాత జతల్ని కుట్టు బయటికి వచ్చేలా తిరగేసి తొడుక్కోమన్నాను.