దీర్ఘాయుష్మాన్ భవ, టైరూ!

మా అపార్టుమెంటు సెల్లారులో ప్రతి ఆదివారం ఉదయం ఒక విద్వత్సభ కొలువుదీరుతుంది. చర్చనీయాంశం ఎప్పుడూ ఒకటే: ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పగల ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఏ జాతి టైరు ఎన్ని వేల కిలోమీటర్లు బతుకుతుంది? సభ్యులంతా మాదాపూర్ ఉద్యోగులు. వారి బండ్లను చూస్తే రేపో మాపో హిమాలయాలు దాటేస్తాయనిపిస్తుంది. దాటేది మాత్రం దుర్గం చెరువు వంతెన.

శాస్త్రంలో ప్రవేశం లేని పామరుల కోసం నాలుగు ముక్కలు. హైవే టెరైన్ టైరు సాధుజీవి. గాలి సరిగ్గా ఉంచి, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మారుస్తూ ఉంటే నోరెత్తకుండా 60, 70 వేల కిలోమీటర్లు మోస్తుంది. ఆల్ టెరైన్ రెండు పడవల మీద కాలు వేసిన రకం. సుమారు 50, 60 వేలు. మడ్ టెరైన్ మహావీరుడు. గుబ్బలు గుబ్బలుగా రబ్బరు, మధ్యలో వేలు దూరేంత సందులు. బురదను విసిరికొట్టడానికి పుట్టిన ఆ గుబ్బలు తారురోడ్డు మీద అటూఇటూ ఊగి, వేడెక్కి, అంచులు తెగి, 40 వేలు తిరిగేసరికి గుండుకు సిద్ధమవుతాయి. దారి పొడవునా ఆ హోరు అదనం. ఈ అంకెలన్నీ సభ్యులకు కంఠస్థం. అందరూ కొన్నది మహావీరుణ్ణే.

సభకు అనధికార అధ్యక్షుడు 402 పెద్దమనిషి. ఆయన టైర్లకు ఈమధ్య కాస్త మట్టి అంటింది. పిల్లవాణ్ణి బడిలో దింపే దారిలో డ్రైనేజీ పైపుల కోసం వీధి తవ్వారు లెండి. బండి కడిగే కుర్రాడికి వెంటనే ఉత్తర్వులు వెలువడ్డాయి.

"తమ్ముడూ, బాడీ అద్దంలా మెరవాలి. టైర్ల జోలికి మాత్రం వెళ్లకు."

"ఎండిపోయి రాలుతోంది సార్. కాస్త నీళ్లు కొడితే పోతుంది."

"పోకూడదనే చెబుతున్నాను!"

ఎంత కాపాడినా మట్టి నిలవదు కదా. వారం తిరిగేసరికి పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. సభ విషాదంలో మునిగింది. కోకాపేటలో ఏదో టవర్ కడుతున్నారు, అక్కడ మేలురకం బురద ఉందని ఒకాయన కబురు తెచ్చాడు. నాలుగు బండ్లు వరుసకట్టి బయలుదేరాయి. కాపలాదారు తనిఖీకి వచ్చిన అధికారులనుకుని గేటు బార్లా తీసి సలాము కొట్టాడట. వీరులు ఫోర్ వీల్ లివర్లు లాగి, నాలుగు చక్రాలూ తిప్పి, అడుగు లోతు బురదను జయించారు. వెనుక ఇసుక లారీ ఒకటి హారన్ కొడుతూ నిలబడింది. రోజుకు నాలుగుసార్లు అదే బురదలోంచి పాతవాటికే కొత్త రబ్బరు అతికించి, అదీ అరిగిన రీట్రెడ్ టైర్లతో వచ్చిపోయే లారీ అది. దాని డ్రైవరు ఇంతవరకు ఎక్కడా ఫొటో పెట్టినట్టు లేదు.

విజయోత్సాహంలో 402 లివరు వెనక్కి వేయడం మరిచిపోయి, ఫోర్ వీల్‌లోనే ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి ఇల్లు చేరాడు. పొడి తారురోడ్డు మీద అలా నడిపితే మలుపు మలుపుకీ ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ పేచీ. ఆ పేచీలో అరిగేది రబ్బరే. ఆ నష్టం ఎన్ని కిలోమీటర్లో లెక్క కట్టే విద్వాంసుడు సభలో లేకపోయాడు.

లెక్కంటే మరొకటి ఉంది. కంపెనీ ఇచ్చిన దానికంటే పది శాతం పెద్ద టైరు వేయించుకున్నారు. మీటరుకు ఈ సంగతి తెలియదు పాపం. అది 80 చూపిస్తున్నప్పుడు బండి సుమారు 88లో పోతుంటుంది. 44 వేలు తిరిగిన టైరుకు 40 వేలే రాసుకుంటుంది. అంటే, ఆయుష్షు కొలవడానికే పుట్టిన ఈ సభ కొలబద్దను పాడుచేసి మరీ కొలుస్తోందన్నమాట.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ వాన పడుతుంది. తడి రోడ్డుకు ఆ గుబ్బల టైరు ఆనేదే తక్కువ; బ్రేకు వేశాక ఆగడానికి ఇంకాస్త దూరం కావాలి. ఆ ఇంకాస్త దూరంలో ఎవరున్నారు? బిడ్డను ముందు నిలబెట్టుకుని స్కూటరు మీద పోతున్న తల్లి ఉంది. పది నిమిషాల్లో పాల ప్యాకెట్టు చేర్చాల్సిన కుర్రాడు ఉన్నాడు. టైరు ఎన్నేళ్లు బతుకుతుందని ఆదివారమంతా గుంజాటన పడే పెద్దమనుషుల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వాళ్లెన్నేళ్లు బతకాలని అడిగిన పాపాన పోలేదు! గాడి అడుగున చిన్న మెట్టులాంటి గుర్తు ఉంటుంది. రబ్బరు అరిగి దానితో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, టైరు తీసేయాలని అర్థం. అది కనబడుతుంటే కూడా "ఇంకో ఐదు వేలు లాగొచ్చు" అంటారు. లక్షలు పోసి బండి కొన్నవాడికి, వేలు పోసి దీపాలు బిగించినవాడికి, టైరు దగ్గర పొదుపు గుర్తొచ్చింది! ఎవడి ప్రాణం మీద పొదుపయ్యా అది?

సరే, సభలోకి వద్దాం. మొన్నటి ఆదివారం ఏకగ్రీవంగా విజేతను ప్రకటించారు: 402 బండి వెనుక తలుపుకు వేలాడే స్టెప్నీ. కొత్తలో ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క గుబ్బ అరగలేదు. పక్కన అచ్చయిన నాలుగంకెలు మాత్రం 2318. అంటే 2018లో 23వ వారం సరుకు. తిరిగినా తిరగకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుందనీ, ఐదారేళ్లు దాటితే గట్టిపడి పగుళ్లు తీస్తుందనీ బండి కడిగే కుర్రాడు చెప్పబోయాడు. సభామర్యాద తెలియనివాడని కూర్చోబెట్టారు. వచ్చే ఆదివారం స్టెప్నీకి సన్మానం. శాలువా ఖర్చు లేదు, పులి బొమ్మ తొడుగు ఎలాగూ కప్పే ఉంది.