అమెరికా వంతెనలకు కావాల్సింది వాతావరణ నిధుల కోత కాదు

'వాతావరణ మార్పుల పేరిట ఖర్చు చేసే డబ్బు ముందు వంతెనలకు పెట్టండి' అనే మాట అమెరికాలో తరచూ వినిపిస్తుంది. సబబుగానే తోస్తుంది. అక్కడి 6 లక్షలకు పైగా వంతెనల్లో 40 వేలకు మించి అధ్వాన స్థితిలో ఉన్నాయని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన సాయంత్రపు రద్దీలో కూలి 13 మంది చనిపోయారు. ప్రాణాలు పోయే చోట ముందు ఖర్చు పెట్టమనడంలో తప్పేముంది? తప్పల్లా ఒక పద్దు కోస్తే ఆ సొమ్ము రెండో పద్దులోకి వచ్చి పడుతుందని నమ్మడంలో ఉంది.

2022లో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం వాతావరణానికి ఇచ్చిన సాయంలో అధిక భాగం పన్ను రాయితీలే. వంతెనలకు 2021 మౌలిక సదుపాయాల చట్టం ఐదేళ్లకు దాదాపు 4,000 కోట్ల డాలర్లు విడిగా కేటాయించింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం వాతావరణ రాయితీలు చాలావాటికి కోత పెట్టింది. ఆ మిగులు అదే చట్టంలోని పన్ను తగ్గింపుల వల్ల ఏర్పడే లోటులో కొంత పూడ్చడానికి సరిపోయింది తప్ప వంతెనల దాకా రాలేదు. వంతెనల మీద నిజంగా అంత బెంగ ఉంటే చూడాల్సింది రోడ్లకూ వంతెనలకూ కేంద్రం డబ్బిచ్చే హైవే ట్రస్ట్ ఫండ్‌ని. దానికి ప్రధాన ఆదాయమైన కేంద్ర పెట్రోలు పన్ను గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గర 1993 నుంచి కదల్లేదు. ధరలు పెరిగాయి, బళ్ల మైలేజీ పెరిగింది, పన్ను మాత్రం అంతే. 2008 నుంచి సాధారణ ఖజానా సొమ్ము తెచ్చి ఆ నిధిని నిలబెడుతున్నారు. పన్ను పెంచుదామని ఓటర్ల ముందు చెప్పే ధైర్యం ఏ పార్టీకీ లేదు. వాతావరణ పథకాల మీద వేలు చూపడం అంతకన్నా తేలిక.

అసలు వంతెనలు ఎందుకు కూలుతాయి? అమెరికాలో ఎక్కువగా వాటిని కూలుస్తున్నది నీరు. వరద వేగానికి స్తంభాల పునాదుల కింద మట్టి కోసుకుపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. 1987 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహారీ క్రీక్ అనే వాగు మీది వంతెన అలాగే పడిపోయి 10 మంది మరణించారు. 2024లో హెలీన్ తుపాను నార్త్ కరోలినా కొండల్లో ఐ-40 రహదారిలో కొన్ని భాగాలనే నదిలోకి లాక్కుపోయింది. వాతావరణం వేడెక్కే కొద్దీ కుండపోత వానలు పెరుగుతాయి. ఈరోజు కట్టే వంతెనను సాధారణంగా 75 ఏళ్లకు లెక్కకట్టి కడతారు, అంటే అది శతాబ్దం చివరి వరదలను కూడా ఓర్చుకోవాలి. గడిచిపోయిన వానల రికార్డులు చూసి కట్టింది ఎన్నాళ్లు నిలుస్తుంది? 2021 చట్టంలోనే విపత్తులను తట్టుకునేలా రోడ్లను, వంతెనలను పటిష్ఠం చేయడానికి 730 కోట్ల డాలర్లతో ప్రొటెక్ట్ అనే పథకం ఉంది. దాన్ని వాతావరణ పద్దు అనాలా, వంతెన పద్దు అనాలా?

అలాగని వాతావరణం పేరు తగిలించుకున్న ప్రతి ఖర్చునూ నేను వెనకేసుకురాను. విద్యుత్ కారు కొనుక్కునేవారికి 2025 సెప్టెంబరు దాకా ఇచ్చిన రాయితీనీ, వంతెన పునాది చుట్టూ పేర్చే బండరాళ్లనూ ఒకే గాటన కట్టలేం. ఒకే డాలరు ఉండి ఎంచుకోవాల్సి వస్తే బండరాళ్లకే ఇస్తాను.

అయితే వాతావరణానికి పెట్టమనేవారూ, వంతెనలకు పెట్టమనేవారూ ఇద్దరూ పట్టించుకోని ఖర్చు ఇంకొకటుంది. 2022 జనవరి 28న పిట్స్‌బర్గ్‌లో ఫర్న్ హాలో వంతెన బస్సుతో సహా లోయలో పడింది. మౌలిక సదుపాయాల గురించి ప్రసంగించడానికి అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఆ ఊరికి వచ్చిన రోజే అది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. వాన నీరు పోయే తూములు చెత్తతో పూడుకుపోయి, ఉక్కు కాళ్లు నీళ్లలో నాని తుప్పుపట్టాయని దర్యాప్తులో తేలింది. తనిఖీ నివేదికలు ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉన్నాయి. తూముల్లో చెత్త తీయడానికి వేల కోట్లు అక్కర్లేదు. కానీ ఆ పనికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు.

2021 చట్టానికి పెట్టుకున్న గడువు 2026 సెప్టెంబరు 30. దాని స్థానంలో వచ్చే చట్టంలో రెండు షరతులు కావాలి. వంతెన నిధులు తీసుకునే ప్రతి రాష్ట్రం, నగరం అందులో ఒక నిర్ణీత వాటాను నిర్వహణకే ఖర్చు చేయాలి. పునాదులు కోతకు గురయ్యే వంతెనలను, వాటి మీద రద్దీ తక్కువైనా సరే, వరుసలో ముందుకు తేవాలి.