జూన్ 26 నాటి ఫ్లెక్సీ గారికి విన్నపం

మహారాజశ్రీ మాదకద్రవ్య వ్యతిరేక దినోత్సవ ఫ్లెక్సీ గారి సముఖమునకు, విజయనగరం వాస్తవ్యుడైన ఒక రిటైర్డు లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఐక్యరాజ్యసమితి 1987లో చేసిన తీర్మానం పుణ్యమా అని ఏటా జూన్ 26న తమరు కోట దగ్గర బయలుదేరి, ఎనిమిదో తరగతి పిల్లల చేతుల మీదుగా గంటస్తంభం దాకా ఊరేగుతున్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. తమరు ఒక్కసారే తిరిగి, మజ్జిగ ప్యాకెట్లు పంచగానే సెలవు తీసుకుంటారు. పాత అలవాటు కొద్దీ తమరి మీది బొమ్మలు లెక్కపెట్టాను. పెద్దల ఫొటోలు పదకొండు, పుర్రె ఒకటి, సిరంజి ఒకటి, అడ్డగీత కొట్టిన సిగరెట్టు ఒకటి.

మా ఊళ్లో క్లబ్బు అంటే సీలింగు ఫ్యాను కింద పేకాట బల్ల. అందుచేత 'క్లబ్ డ్రగ్' అన్న మాట మొదటిసారి విన్నప్పుడు, పేకాటరాయుళ్లు వేసుకునే బీపీ మాత్ర కాబోలనుకున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి నా అజ్ఞానాన్ని పోగొట్టాడు. క్లబ్ డ్రగ్ అంటే రాత్రిళ్లు గెంతులేసే క్లబ్బుల్లో వాడే మత్తుమందట. అందులో ఒకటైన ఎండీఎంఏ అనే పదార్థం 1912లోనే జర్మనీలోని మెర్క్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిందట. ఇప్పుడది రంగురంగుల బిళ్లగా, మీద నవ్వుముఖం అచ్చుతో, చూడడానికి పిప్పరమెంటులా ఉంటుందట. మెదడులో మనసు ఉల్లాసాన్ని చూసుకునే రసాయనమైన సెరటోనిన్‌ను ఒక్కరాత్రిలో కుమ్మరింపజేసి, తరువాతి రోజుల్లో మనిషిని దిగాలుగా కూర్చోబెడుతుందట. పుర్రె గానీ సిరంజి గానీ ఆ దరిదాపుల్లో కనిపించవు కనుక, తమరి బొమ్మలు చూసి పెరిగిన పిల్లవాడు దానిని ఎలా గుర్తుపడతాడో నాకు బోధపడలేదు.

ఒకసారి ఆ బిళ్ల వేసుకుని కిక్కిరిసిన హాలులో గంటల తరబడి గెంతిన మేనల్లుడి స్నేహితుడొకడు ఒళ్లు కాలిపోతూ పడిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోతే కేసవుతుందేమోనని మిగిలిన నలుగురూ అరగంటసేపు తర్కించి, ఈలోగా వాడిచేత సీసాల కొద్దీ నీళ్లు తాగించారట. ఒంటివేడి పెరగడం ఎంత ప్రమాదమో, ఆ మందు వేసుకున్నవాడు అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోవడమూ అంతే ప్రమాదమని వాళ్లకెవరూ చెప్పలేదు. కుర్రవాడు బతికాడు. అయితే ఆ అరగంటలో మా మేనల్లుడికి గుర్తుకొచ్చింది తమరి మీద ఎర్ర అక్షరాల్లో ఉన్న '20 ఏళ్ల జైలు' ఒక్కటే. ఎనిమిదో తరగతిలో తమరి ఎడమ కొసను మోసింది వాడే.

మాదకద్రవ్యాల నేరాలకు శిక్షలు చెప్పే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో ఆ 20 ఏళ్లు వ్యాపార పరిమాణానికి, అంటే ఎండీఎంఏ విషయంలో 10 గ్రాములకు మించిన సరుకుకు పడే గరిష్ఠ శిక్ష. వాడినవాడికి సెక్షన్ 27 కింద గరిష్ఠంగా ఏడాది. వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే, వాడకం కేసులో అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఎ కూడా అదే చట్టంలో ఉంది. పదకొండు ఫొటోల మధ్య దానికి చోటు చాలలేదు కాబోలు.

పోలీసులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2024లో రాష్ట్రంలో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ అనే పోలీసు విభాగం వచ్చింది, సమాచారమివ్వడానికి 1972 నంబరూ వచ్చింది. ఏజెన్సీ కొండల నుంచి దిగే గంజాయి మూటలకు అవి కావలసినవే. పడిపోయిన కుర్రవాడికి మాత్రం ముందు కావలసింది 108.

కావున వచ్చే జూన్‌కు తమరు రెండు ఫొటోలు తగ్గించుకుని, ఆ జాగాలో వ్యసన విముక్తికి సలహా ఇచ్చే 14446 నంబరును, 'ఏం వేసుకున్నాడో డాక్టరుకు దాచకండి' అనే ఒక్క వాక్యాన్ని వేయించుకోవలసిందిగా ప్రార్థన. ఏ రెండు ఫొటోలన్నది తమరే తేల్చుకోవాలి. నేను ఈ ఊళ్లోనే బతకవలసినవాణ్ణి.

ప్రస్తుతం తమరు మా వీధి చివర బజ్జీల బండికి కప్పుగా ఉన్నారు. నినాదం మడతలోకి పోయింది. ఫొటోలు పదకొండూ క్షేమం.

ఇట్లు,
తమరి నీడన రోజూ మిరపకాయ బజ్జీలు తినే
ఒక విజయనగరం పౌరుడు