గ్రాంటు ఇస్తే సరిపోదు

దాతృత్వ సంస్థలైన ఫౌండేషన్లు చదువు కోసం ఇచ్చే గ్రాంట్లు పెంచితే పిల్లల చదువు దానంతటదే బాగుపడుతుందని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. టీచరుగా నేను ఒప్పుకోలేను. మా బడికి ఒకసారి గ్రాంటు కింద ట్యాబ్‌లు వచ్చాయి. రెండేళ్లకు ప్రాజెక్టు ముగిసింది, చార్జర్లు పాడయ్యాయి, ట్యాబ్‌లు బీరువాలోకి వెళ్లాయి. ఐదో తరగతి పిల్లాడు మాత్రం అప్పటికీ వాక్యం కింద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూనే ఉన్నాడు. ఆ వేలు నాకింకా గుర్తే.

అమెరికాలో టీచర్ల పనితీరును కొలిచి మెరుగుపరచాలని గేట్స్ ఫౌండేషన్ 2009లో ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. అన్ని నిధులూ కలిపి 57.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. పిల్లల ఫలితాలు అనుకున్నంతగా మెరుగుపడలేదని 2018లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ తేల్చింది. మన దేశంలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వేరే దారి పట్టింది. ఏ తరగతి అని చూడకుండా, పిల్లలు చదవగలిగే స్థాయిని బట్టి గుంపులుగా కూర్చోబెట్టి రోజూ కాసేపు చదివించారు. ఖర్చు తక్కువ, పరీక్షించి చూస్తే మార్పు నిజంగానే కనిపించింది.

గ్రాంటు ఇచ్చేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఎంతమంది టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చారన్న లెక్కతో ఆగిపోకండి. ఎంతమంది పిల్లలు ఒక పేరా తడబడకుండా చదువుతున్నారో అడగండి. ఆ మార్పు ఏడాదిలో రాదు, నాలుగైదేళ్లు ఓపికగా తోడుండండి.