లైసెన్సు డబ్బు మిగిలితే ఎవరి జీతమవుతుంది?

ప్రభుత్వ కార్యాలయాలు విండోస్ వదిలి, లైసెన్సు రుసుము లేని లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలన్న మాట వచ్చిందంటే చాలు, జర్మనీలోని మ్యూనిక్ నగరం పేరు ఎత్తుతారు. వెళ్ళారు, వెనక్కి వచ్చారు, కాబట్టి కుదరదు అంటారు. కానీ ఆ నగరం ఎక్కడ తట్టుకుని పడిందో చూడాలి.

విండోస్‌ను వదలాలని మ్యూనిక్ నగర మండలి 2003లో నిర్ణయించింది. అంతకుముందు మైక్రోసాఫ్ట్ అప్పటి అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా వచ్చి మేయర్‌తో మాట్లాడినా ఫలించలేదు. 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లు ‘లిమక్స్’ మీద, అంటే ఆ నగరం తనకోసం తయారుచేసుకున్న లైనక్స్ మీద నడిచాయి. కోటి యూరోలకు పైగా మిగిలిందని నగరం 2012లోనే ప్రకటించింది. అయినా 2017లో తిరిగి విండోస్‌కే ఓటేసింది. ఇబ్బంది పెట్టింది లైనక్స్ ఒక్కటే కాదు. పాత వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళలో ఏళ్ళుగా పేరుకున్న మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా ఫైల్లో రాసుకున్న చిన్న ప్రోగ్రాములు), శాఖకొకటిగా విడిపోయిన ఐటీ విభాగాలు, విండోస్‌లో మాత్రమే నడిచే ప్రత్యేక అప్లికేషన్లు, బయటి నుంచి వచ్చి తెరవగానే చెదిరిపోయే పత్రాలు కూడా.

ఫ్రాన్స్ పోలీసు దళం జాందార్మరీ వేరే వరుసలో వెళ్ళింది. 2005లో విండోస్ మీదే వర్డ్, ఎక్సెల్ పనులు చేసే ఉచిత ఓపెన్‌ఆఫీస్ పెట్టింది, మరుసటి ఏడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ ఈమెయిల్. సిబ్బందికి అవి చేయి తిరిగాక, 2008 నుంచి ఉబుంటు అనే లైనక్స్. 2018 కల్లా 70 వేలకు పైగా కంప్యూటర్లు మారాయి.

ఇక ఉద్యోగాలు. ప్రొప్రయిటరీ కంపెనీలు, అంటే కోడ్ తమ దగ్గరే ఉంచుకుని లైసెన్సులు అమ్మేవి, ఉపాధి ఇవ్వవనడం తప్పు. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. అయితే అవి సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోట ఉన్న కొలువులు. ఆదిలాబాద్‌లోని ఒక మండల కార్యాలయం ఏటా లైసెన్సు కట్టినంత మాత్రాన ఆదిలాబాద్‌లో ఎవరికీ పని పుట్టదు. లైనక్స్ లాంటి ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్, ఆ పని పుట్టించగలదు, కానీ దానంతటది కాదు. మాక్రోలు తిరగరాయాలి, గుమాస్తాలకు నేర్పాలి, ప్రింటర్ మొండికేస్తే అదే రోజు వచ్చి చూసే మనిషి ఉండాలి. లైసెన్సు ఖర్చు సున్నా అని మురిసిపోయి సపోర్టుకూ సున్నా రాస్తే, ఆదా ఏడాది తిరక్కుండానే ఆవిరవుతుంది.

మన దగ్గర మరో ముడి ఉంది, మ్యూనిక్‌కు లేనిది. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్ళు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే ప్రమాణం) కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు, అంకెలు అక్కడక్కడా తారుమారవుతాయి. సర్వే నంబరులో ఒక్క అంకె మారితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. అందుకే ప్రతి పేజీని పాతదాని పక్కన పెట్టి చదివే తెలుగు మనిషి కావాలి. మొదటి ఏడాది మిగిలే లైసెన్సు డబ్బును ముందుగా ఆ మనిషి జీతానికే పెట్టాలి.