సవరణ: టిఫ్ అంటే పన్ను మాఫీ కాదు

చిన్న నగరాల్లో కళ తప్పిన వ్యాపార వీధులను మళ్లీ నిలబెట్టడం గురించి మొన్న రాసినప్పుడు, అమెరికాలో వాడే టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్‌ను, అంటే టిఫ్‌ను, 'వ్యాపారులకిచ్చే పన్ను మాఫీ' అన్నాను. తప్పు. యజమాని మామూలుగా పన్ను కట్టాల్సిందే. తేడా అంతా ఆ డబ్బు ఎటు పోతుందన్న దగ్గరే.

ఒక పేట నుంచి ఏటా ఆస్తి పన్ను 100 డాలర్లు వస్తోందనుకోండి. టిఫ్ పరిధిలోకి తెచ్చినప్పుడు ఆ 100ని బేస్‌గా పెట్టుకుంటారు. మూతపడ్డ థియేటర్‌లో మళ్లీ దీపాలు వెలిగి, చుట్టూ భవనాల విలువ పెరిగి పన్ను 140 అయిందనుకుందాం. 100 ఎప్పటిలాగే బడులకూ, కౌంటీకీ (మన జిల్లా లాంటిది), నగరానికీ పోతుంది. పైన వచ్చిన 40 మాత్రం ఆ పేట రోడ్లకీ, డ్రైనేజీకీ, వాటికోసం ముందే తెచ్చిన అప్పుకీ. గడువు తీరేదాకా అంతే. ఆ పెరుగుదల టిఫ్ లేకపోయినా వచ్చేదే అయితే బడులకి నష్టమేగా? అసలు గొడవంతా ఇదే, నేనేమో దాన్నే వదిలేశాను.

ఇంకోటి, ఇది 1970ల్లో పుట్టిందన్నాను. కాదు, కాలిఫోర్నియాలో 1952లోనే మొదలైంది. విచిత్రమేంటంటే, 2012లో ఆ రాష్ట్రమే, టిఫ్ డబ్బుతో పాత పేటలను బాగుచేసే తన రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలను రద్దు చేసేసింది.